అలిపిరి మెట్లు మానేసిన మనిషి: ఒక అయోర్టిక్ వాల్వ్ కేసు

ఈ కేసు రాయడానికి ఆయనా, ఆయన భార్యా ఒప్పుకున్నారు. ఎవరో పోల్చుకునే వీలు లేకుండా కుటుంబ వివరాలు కొన్ని మార్చాను, కొన్ని తీసేశాను. నేను ఒక జిల్లా కేంద్రంలో గుండె డాక్టర్‌ని. ఈ కేసులో జనవరిలో నేనొక పొరపాటు చేశాను, అది జులైలో బయటపడింది, ఆ మధ్య ఆరు నెలల్లో ఆ మనిషి ప్రాణం పోయి ఉండేది. అందుకే రాస్తున్నాను.

ఎలా వచ్చారు

వయసు 61. పల్లెటూళ్ళో కిరాణా కొట్టు. పదేళ్ళుగా బీపీ ఉంది, ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములు వేసుకుంటారు. షుగర్ లేదు. సిగరెట్ మానేసి చాలా ఏళ్ళయింది. సంక్రాంతి వెళ్ళాక కంటి శుక్లం ఆపరేషన్‌కి వెళ్తే, అక్కడి ఫిజీషియన్ స్టెతస్కోప్ పెట్టి చూసి, గుండె చప్పుడులో తేడా (మర్మర్) ఉందని చెప్పి ఫిట్‌నెస్ కోసం మా దగ్గరికి పంపారు. ఆ డాక్టర్ పది సెకన్లు శ్రద్ధగా వినడమే ఈ కేసు మొత్తానికి మొదలు.

నేను విన్నాను. గరుకైన చప్పుడు, మెడ దాకా పాకుతోంది. నాడి పట్టుకుంటే తన్నినట్టు రాకుండా మెల్లగా పైకి లేస్తోంది. ఎకోలో, అంటే గుండె స్కాన్‌లో, అయోర్టిక్ వాల్వ్ (గుండె నుంచి ఒంటికి రక్తం వెళ్ళే దారిలో ఉండే తలుపు) మందంగా, సున్నం పట్టి ఉంది, మూడు రేకులు ఉండాల్సిన చోట రెండే ఉన్నట్టు అనిపించింది. వాల్వ్ దాటే రక్తం వేగం సెకనుకి 4.2 మీటర్లు, సగటు గ్రేడియెంట్, అంటే వాల్వ్‌కి ఇటూ అటూ ఉండే ఒత్తిడి తేడా, 44, వాల్వ్ వైశాల్యం 0.8 చదరపు సెంటీమీటర్లు. మామూలుగా ఆ వైశాల్యం 3 నుంచి 4 ఉంటుంది. వేగం 4 దాటినా, గ్రేడియెంట్ 40 దాటినా తీవ్రమైన స్టెనోసిస్, అంటే వాల్వ్ బాగా సన్నబడింది, అంటాం. ఈయనకి రెండూ దాటాయి. గుండె పంపింగ్ మాత్రం 62 శాతం, బాగుంది.

ఇంట్లోవాళ్ళకి నేను ఎప్పుడూ బోరు మోటారుతో పోల్చి చెప్తాను. మోటారు ఆన్‌లో ఉంది, పైన గేట్ వాల్వ్ ముప్పాతిక మూసేశారు. మోటారు గట్టిగా తోస్తూనే ఉంటుంది, చేలోకి నీళ్ళూ వస్తూనే ఉంటాయి, చూసేవాళ్ళకి అంతా బాగానే ఉన్నట్టు ఉంటుంది. కానీ ఉన్నట్టుండి ఇంకో రెండు మడులకి నీళ్ళు కావాలంటే ఇవ్వలేదు.

అడగాల్సినవన్నీ అడిగాను. ఆయాసం వస్తోందా? లేదు సార్. నడిస్తే గుండెల్లో బరువుగా ఉంటుందా? లేదు సార్. కళ్ళు తిరిగి పడిపోయారా? లేదు సార్. రోజూ ఎంత నడుస్తారు? 2 కిలోమీటర్లు సార్, పొద్దున్నే. నేను కేస్ షీట్ మీద ‘లక్షణాలు లేవు’ అని రాశాను.

తీవ్రమైన స్టెనోసిస్ ఉండి, లక్షణాలు లేక, పంపింగ్ బాగున్నవాళ్ళని ఆరు నెలలకోసారి ఎకో చేస్తూ గమనించడం తప్పు కాదు, పుస్తకాల్లో ఉన్న దారే. ఓపెన్ హార్ట్ ఆపరేషన్‌కి చిన్నదైనా ప్రమాదం ఉంటుంది, దాన్ని అవసరం రాకముందే ఎందుకు నెత్తిన పెట్టుకోవాలి అన్నది ఆలోచన. ఈ ఆలోచన కూడా ఇప్పుడు మారుతోంది. 2024లో వచ్చిన ఎర్లీ టావర్ అనే ట్రయల్‌లో 65 దాటిన, లక్షణాలు లేనివాళ్ళని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి వెంటనే వాల్వ్ మారిస్తే, గమనిస్తూ ఉందాం అన్న రెండో గుంపులో 87 శాతం మందికి కొన్నేళ్ళలోనే వాల్వ్ మార్చాల్సి వచ్చింది. అయినా గమనిద్దాం అనే నిర్ణయం చెడ్డది కాదు. ఆ నిర్ణయం మొత్తం ‘లక్షణాలు లేవు’ అన్న ఒక్క మాట మీద నిలబడి ఉంటుంది, ఆ మాట నిజమో కాదో నేను సరిగ్గా చూసుకోలేదు.

ట్రెడ్‌మిల్ చేయించి ఉండాల్సింది. స్పష్టంగా లక్షణాలు ఉన్నవాళ్ళకి అది చేయకూడదు గానీ, లేవని చెప్పేవాళ్ళకి డాక్టర్ పక్కనే ఉండి చేస్తే, మనిషి చెప్పని సంగతి ట్రెడ్‌మిల్ చెప్తుంది. నడుస్తుంటే పెరగాల్సిన బీపీ పెరగకపోయినా, పడిపోయినా అది లక్షణం కిందే లెక్క. రోజూ 2 కిలోమీటర్లు నడిచే మనిషికి ఎందుకులే అనుకున్నాను. ఇంకో సంగతి, ఆయన భార్య ఆ రోజు వచ్చారు, కానీ బయట బెంచీ మీద మందుల సంచి పట్టుకుని కూర్చున్నారు. లోపలికి రమ్మని నేను పిలవలేదు.

కంటి ఆపరేషన్ లోకల్ మత్తులో ఏ ఇబ్బందీ లేకుండా అయిపోయింది. బరువులు ఎత్తొద్దు, నాలుక కింద పెట్టే సార్బిట్రేట్ లాంటి నైట్రేట్ మందులు వాడొద్దు, ఇబ్బంది ఉంటే వెంటనే రావాలి అని ఓపీ చీటీ మీద ఇంగ్లిష్‌లో రాసి జులైలో రమ్మన్నాను.

మే నెలలో జరిగింది

ఇది నాకు జులైలో తెలిసింది, కానీ వరస కోసం ఇక్కడే చెప్తాను.

నడి ఎండలో ఆటోలోంచి 25 కిలోల బియ్యం బస్తా దించుతుంటే గుండెల మీద ఎవరో కూర్చున్నట్టయింది. గ్యాస్ అనుకుని కొట్లో కూర్చున్నారు. పక్క కొట్టాయనకి అంతకుముందు స్టెంట్ వేశారు, జేబులో ఎప్పుడూ సార్బిట్రేట్ ఉంటుంది. పాపం, మంచి మనసుతోనే, గుండె నొప్పేమోనని ఒక మాత్ర తీసి ఈయన నాలుక కింద పెట్టాడు. కాసేపటికి ఈయనకి కళ్ళు చీకట్లు కమ్మాయి, లేవబోయి పడిపోయారు, కాటా బల్ల అంచు తగిలి నుదురు చీరుకుపోయింది. ఊళ్ళో ఆర్ఎంపీ రెండు కుట్లు వేసి, వడదెబ్బ అని సెలైన్ ఎక్కించాడు. గంటలో ఈయన లేచి కూర్చున్నారు. సెలైన్‌తో తేరుకున్నారు కాబట్టి అది వడదెబ్బేనని ఇంట్లో అందరికీ నమ్మకం కుదిరిపోయింది.

ఇక్కడ కాస్త ఆగాలి. సార్బిట్రేట్ రక్తనాళాలని వదులు చేస్తుంది. మామూలు మనిషికి బీపీ కాస్త తగ్గితే గుండె ఇంకొంచెం ఎక్కువ పంప్ చేసి సర్దేసుకుంటుంది. వాల్వ్ బిగుసుకుపోయిన మనిషికి ఆ వెసులుబాటు తక్కువ, ఎంత తోసినా ఆ సన్నటి సందులోంచి వెళ్ళేది అంతే. పైగా గుండెకి తిరిగొచ్చే రక్తం కూడా తగ్గిపోతుంది. ఎండకి ఒంట్లో నీళ్ళు ముందే తగ్గి ఉన్నాయి. బీపీ ఒక్కసారి జారింది, మెదడుకి రక్తం అందలేదు. సెలైన్ ఎందుకు పనిచేసిందంటే అది ఖాళీ అయిన నాళాలని నింపింది. అంటే వైద్యం అనుకోకుండా సరిపోయింది, జబ్బు పేరు మాత్రం తప్పు పడింది. ఇలాంటివి చాలా ప్రమాదం, తేరుకున్నాక ఇక ఎవరూ అసలు కారణం వెతకరు.

నేను రాసిచ్చిన ఇంగ్లిష్ చీటీ అప్పుడు బీరువాలో ఎకో రిపోర్టుతో పాటు పాలిథిన్ కవర్లో భద్రంగా ఉంది.

జులై, మెట్ల మీద

చెప్పిన ప్రకారం జులైలో వచ్చారు. ఎకో గది మా ఆసుపత్రిలో పై అంతస్తులో ఉంటుంది. ఆ రోజు లిఫ్ట్ రిపేర్లో ఉంది, మెట్ల మీదుగా నేనూ ఆయనతో పాటే వెళ్తున్నాను. సగం మెట్లు ఎక్కాక మలుపు దగ్గర ఆగి, గోడకి ఉన్న గుండె బొమ్మ చూపించి, ఇందులో నా వాల్వ్ ఎక్కడుంటుంది సార్ అని అడిగారు. నేను చూపించాను. ఇంకో ప్రశ్న అడిగారు. మూడో ప్రశ్న అడిగేటప్పటికి ఆయన చెయ్యి రెయిలింగ్‌ని గట్టిగా పట్టుకుని ఉండడం చూశాను. మాట్లాడడానికి ఆగలేదు ఆయన, ఆగడానికి మాట్లాడుతున్నారు.

అక్కడే నిలబెట్టి, కుర్చీ తెప్పించి కూర్చోబెట్టాను. ఎకో తర్వాత భార్యని లోపలికి పిలిచి, ఈసారి ఆయాసం గురించి అడగలేదు.

“అమ్మా, ఈయన ఇదివరకు చేస్తూ ఇప్పుడు మానేసిన పనులేమన్నా ఉన్నాయా?”

ఆవిడ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. “అలిపిరి మెట్లెక్కడం మానేశారండి. పదేళ్ళ పైన ఏటేటా ఎక్కారు. కిందటేడు మోకాళ్ళ నొప్పులని బస్సులో వెళ్దామన్నారు. మోకాళ్ళకి ఒక్క మందు బిళ్ళ వాడింది లేదండి.”

అలిపిరి నుంచి తిరుమలకి 3,550 మెట్లు. అవి ఎక్కగలిగిన మనిషి ఎక్కలేకపోయాడు, ఆ సంగతి తనకి కూడా మోకాళ్ళ నొప్పి అనే చెప్పుకున్నాడు. ఆ తర్వాత ఒక్కొక్కటీ వచ్చాయి. సైకిల్ పక్కన పడేసి మోపెడ్ కొన్నారు. బస్తాలకి కుర్రాణ్ణి పెట్టుకున్నారు, మేలో ఆ కుర్రాడు రాని రోజే అలా జరిగింది. పొద్దున నడక 2 కిలోమీటర్లన్న మాట నిజమే, కానీ రామాలయం దగ్గర ఒకసారి, టీ కొట్టు దగ్గర ఒకసారి, కాలవ వంతెన మీద ఒకసారి కూర్చుంటున్నారు, అరగంట నడక గంటయింది. చివర్లో ఆవిడ తల దించుకుని, మేలో పడిపోయారండి, మీకు చెప్పొద్దన్నారు, అంది.

ఆయన అబద్ధం చెప్పారని నేను ఇప్పటికీ అనుకోను. ఈ జబ్బు ఏళ్ళ తరబడి మెల్లగా బిగుస్తుంది, మనిషి కూడా అంతే మెల్లగా తన బతుకుని కుదించుకుంటాడు, కుదించుకున్న ఆ బతుకులో ఆయాసం ఉండదు. అందుకే ఆయాసం వస్తోందా అంటే లేదు అనే జవాబు. దాచిన సంగతి మాత్రం ఒకటుంది. అమ్మాయి పెళ్ళి కార్తీకంలో కుదిరింది, గుండె ఆపరేషన్ అని తెలిస్తే వియ్యాలవారు ఏమంటారోనని ఆయన భయం.

ఏ నిర్ణయం ఎందుకు

ఎకోలో వేగం 4.4, గ్రేడియెంట్ 50కి పెరిగాయి. అంకెలు పెరగకపోయినా నా నిర్ణయం ఇదే. లక్షణాలు వచ్చాక ఇక గమనించడం అనేది లేదు, వాల్వ్ మార్చాలి. ట్రెడ్‌మిల్ ఆలోచన కూడా అక్కడితో అయిపోయింది, ఇప్పుడు చేస్తే అపాయం.

సున్నం కరిగించే మందు ఉందా అని అడిగారు. కొలెస్ట్రాల్ మందులు ఆ పని చేస్తాయేమోనని 2005లో సాల్టైర్, 2008లో సీస్, 2010లో ఆస్ట్రోనమర్ ట్రయల్స్‌లో చూశారు, వాల్వ్ బిగుసుకోవడం ఆగలేదు. ఈయన అప్పటికే తనంతట తాను పాలు, పెరుగు మానేశారు, వాల్వ్‌కి పట్టింది కాల్షియమని ఎవరో చెప్పారట. ఆ రోజే మళ్ళీ మొదలుపెట్టించాను. పెరుగు మానితే వాల్వ్ మెత్తబడదు, మనిషి నీరసపడతాడు.

ఎప్పుడు చేయాలి అన్నచోట నేను మొదట చేసిన ప్రయత్నం విఫలమైంది. 1968లో రాస్, బ్రౌన్‌వాల్డ్ రాసిన వ్యాసంలో, ఆపరేషన్ లేకపోతే నొప్పి మొదలయ్యాక సగటున 5 ఏళ్ళు, స్పృహ తప్పడం మొదలయ్యాక 3, హార్ట్ ఫెయిల్యూర్ వచ్చాక 2 అని ఉంటుంది. పాత లెక్కే అయినా దాని దిశ ఇప్పటికీ నిజం. నేను ఆ అంకెలు చెప్పాను. ఆయన నేల చూస్తూ కూర్చుని, దేవుడున్నాడు సార్, పెళ్ళయ్యాక చూద్దాం అన్నారు. మూడేళ్ళు అనే మాటలో ఆయనకి వినపడింది కార్తీకం దాకా ఢోకా లేదని.

రెండోసారి అంకెలు పక్కనపెట్టి, గోడ మీది తెలుగు క్యాలెండర్ తీసి బల్ల మీద పరిచాను. పెళ్ళి రోజు పొద్దున్నుంచి ఆయన ఏమేం చేయాలో ఆయన్నే చెప్పమన్నాను. ఉపవాసం, గంటల తరబడి పీటల మీద హోమం పొగలో కూర్చోవడం, వచ్చినవాళ్ళని పలకరిస్తూ నిలబడడం, రాత్రంతా నిద్ర లేకపోవడం. మేలో పడిపోయిన రోజుకీ దీనికీ తేడా ఏముంది? ఆయనే చెప్పారు, లేదని. తర్వాత వెనక్కి లెక్కపెట్టాం. ఛాతీ ఎముక అతుక్కోవడానికి దాదాపు మూడు నెలలు వేసుకున్నా, శ్రావణం మొదట్లో ఆపరేషన్ అయితే పెళ్ళికి సరిపోతుంది. వియ్యాలవారికి చెప్పే పని ఆవిడ తీసుకున్నారు. “ముందు అన్నయ్యగారి ఆపరేషన్ చేయించండి వదినా, పెళ్ళి ఎక్కడికి పోతుంది” అందట వియ్యపురాలు. ఆరు నెలలుగా ఆయన గుండెల మీద ఉన్న బరువులో సగం ఈ మాటతో పోయింది.

ఆషాఢం పోనివ్వమని ఇంటి పెద్దలు అడిగారు. మూడు వారాలు. నేను ఒప్పుకున్నాను. విశ్రాంతిగా ఉన్నప్పుడు ఏ లక్షణమూ లేదు, ఊపిరితిత్తుల్లో నీరు లేదు, పంపింగ్ బాగుంది, స్పృహ తప్పింది ఒక్కసారే, అదీ సార్బిట్రేట్ వల్ల. పైగా పళ్ళు, సీటీ, యాంజియోగ్రామ్ పనులకి ఎలాగూ అన్ని రోజులు పడతాయి. ఒక షరతు పెట్టాను, పడుకున్నప్పుడు ఆయాసం వచ్చినా, ఇంకోసారి కళ్ళు తిరిగినా ఆషాఢమూ లేదు అమావాస్యా లేదు, ఆ రోజే బయల్దేరాలి.

అమెరికాలో ఉన్న కొడుకు ఫోన్ చేసి, కోయకుండా తొడ దగ్గర్నుంచి పెట్టే వాల్వ్ ఉందిగా అంకుల్, ఖర్చు నేను పెట్టుకుంటా, అన్నాడు. న్యాయమైన ప్రశ్న. 2002లో ఫ్రాన్స్‌లో అలెన్ క్రిబియే మొదటిసారి చేసిన ఆ టావీ పద్ధతి పెద్ద వయసు వాళ్ళకి గొప్ప వరం. కానీ ఈయనకి 61. సీటీలో రెండు రేకుల వాల్వేనని తేలింది, పుట్టుకతో వచ్చేది. అలాంటి వాల్వ్ ఉన్నవాళ్ళని టావీ పెద్ద ట్రయల్స్‌లో చాలావరకు చేర్చుకోలేదు. పేస్‌మేకర్ అవసరం కూడా టావీలో ఎక్కువ చూస్తాం. మహాధమని మొదలు 4.1 సెంటీమీటర్లకి ఉబ్బింది, 4.5 ఉంటే వాల్వ్‌తో పాటు దాన్నీ మార్చే వాళ్ళం, ఆపరేషన్‌లో సర్జన్ కళ్ళారా చూస్తారు. ఈ వయసులో సర్జరీయే మేలని చెప్పాను, ఆ అబ్బాయి ఒప్పుకున్నాడు.

మెకానికల్ వాల్వా, జంతువుల కణజాలంతో చేసే టిష్యూ వాల్వా? దీని మీద ఎక్కువ సేపు మాట్లాడుకున్నాం. మెకానికల్ వాల్వ్ దాదాపు జీవితాంతం వస్తుంది, కానీ రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం వార్ఫరిన్ వాడాలి, ఆ మందు మోతాదు సరిచూసే ఐఎన్ఆర్ రక్తపరీక్ష తరచూ చేయించాలి. వాళ్ళ ఊరికి నమ్మకమైన ల్యాబ్ 40 కిలోమీటర్లు. వర్షాకాలం వాగు పొంగితే ఆ దారి కూడా ఉండదు. టిష్యూ వాల్వ్‌కి ఆ బాధ లేదు, కానీ 10, 15 ఏళ్ళకి పాడవుతుంది, అప్పుడు దాని లోపలే టావీ వాల్వ్ పెట్టే వీలుంది. 50 నుంచి 65 మధ్య వయసులో ఏది పెట్టాలన్నది మనిషిని బట్టి ఉంటుంది. ఆయన టిష్యూ అన్నారు. వీలైనంత పెద్ద సైజు పెట్టమని నేను సర్జన్‌ని కోరాను, రేపు లోపల ఇంకోటి పట్టాలి కాబట్టి.

ఎదురుచూసిన మూడు వారాలు

ఈసారి ఇంగ్లిష్ చీటీ లేదు. పోస్ట్‌కార్డంత అట్ట ముక్క మీద పెద్ద తెలుగు అక్షరాల్లో రాసి చొక్కా జేబులో పెట్టుకోమన్నాను: “నాకు అయోర్టిక్ వాల్వ్ బాగా సన్నబడింది. ఛాతీ నొప్పి వచ్చినా నాలుక కింద మాత్ర పెట్టవద్దు. పడిపోతే పడుకోబెట్టి కాళ్ళు పైకెత్తండి. 108కి ఫోన్ చేయండి.” పక్క కొట్టాయనకి కూడా ఒకటి ఇప్పించాను. ఆయన మేలో జరిగిందానికి చాలా బాధపడ్డాడు, ఆ తప్పు ఆయనది కాదని ఫోన్లో చెప్పాను.

భార్యతో అరగంట కూర్చున్నాను. నీళ్ళు తాగడం మానకూడదు, ఏకాదశి ఉపవాసాలు ఈసారికి వద్దు. మంచం మీంచి దిగేముందు రెండు నిమిషాలు కూర్చోవాలి. మరీ వేడినీళ్ళ స్నానం వద్దు, బాత్‌రూమ్ గడియ వేసుకోవద్దు. బస్తాలు, మోపెడ్ బంద్. ఒంటికి నీరు తగ్గించే మాత్రలు ఎవరిచ్చినా నన్ను అడక్కుండా వేయొద్దు, బీపీ మాత్ర మాత్రం తనంతట తాను ఆపొద్దు. మగతనానికి వాడే మాత్రల సంగతి ఆయనతో విడిగా చెప్పాను, ఎవరూ అడగరు గానీ సార్బిట్రేట్ లాగే అవీ బీపీని పడేస్తాయి. ఆవిడ క్యాలెండర్‌లో ఏ రోజు ఎక్కడ ఆగారో చుక్క పెట్టడం మొదలుపెట్టింది.

పళ్ళ డాక్టర్ రెండు పళ్ళ వేర్ల దగ్గర చీము చూసి తీసేశాడు. అవి అలా ఉండగా కొత్త వాల్వ్ పెట్టి ఉంటే, ఆ చీములోని క్రిములు రక్తంలోకి వెళ్ళి వాల్వ్‌కి పట్టే ప్రమాదం ఉండేది. యాంజియోగ్రామ్‌లో బ్లాకులు లేవు. అంటే ఆ నొప్పి మొత్తం వాల్వ్‌దే, మందంగా అయిపోయిన గుండె కండరానికి రక్తం చాలక వచ్చింది.

శ్రావణం మొదటి వారంలో ఆరోగ్యశ్రీ కార్డు మీదే ఆపరేషన్ జరిగింది. మూడో రోజు గుండె లయ తప్పింది, ఈ ఆపరేషన్ల తర్వాత తరచూ చూసేదే, మందులతో సర్దుకుంది. తొమ్మిదో రోజు ఇంటికెళ్ళారు. మూడు నెలలు వార్ఫరిన్ వాడారు, ఆ మూడు నెలలూ ల్యాబ్‌కి రానూపోనూ 80 కిలోమీటర్లు తిరిగాక, టిష్యూ వాల్వే మంచిదైందని ఆవిడే అంది. ఇకముందు పళ్ళు తీయించుకున్నా, చిగుళ్ళ నుంచి రక్తం వచ్చే వైద్యం ఏది చేయించుకున్నా ముందు యాంటీబయాటిక్ వేసుకోవాలని పాత అట్ట ముక్క స్థానంలో కొత్తది రాసిచ్చాను. కార్తీకంలో కన్యాదానం చేశారు, పురోహితుడితో ముందే మాట్లాడుకుని పాలు, పండు తీసుకుని పీటల మీద కూర్చున్నారు.

మా ఓపీలో మారింది

వాల్వ్ కేసు ఎవరిదైనా ఇప్పుడు ఇంట్లోవాళ్ళని లోపలికి పిలవకుండా ‘లక్షణాలు లేవు’ అని రాయను. ఎంత దూరం నడుస్తారు అని అడిగి ఊరుకోను, ఎంతసేపట్లో, ఎన్నిసార్లు ఆగి అని అడుగుతాను. లక్షణాలు లేవని నమ్మకంగా చెప్పేవాళ్ళకి ట్రెడ్‌మిల్ పక్కన నేనే నిలబడతాను. సలహా తెలుగులో రాస్తాను, అది బీరువాలోకి కాకుండా జేబులోకి వెళ్ళేంత చిన్నదిగా.

రెండు రేకుల వాల్వ్ కొన్ని కుటుంబాల్లో నడుస్తుంది కాబట్టి తోబుట్టువులకీ, పిల్లలకీ ఎకో చేయించమన్నాను. అమ్మాయికి బాగుంది. అమెరికాలో ఉన్న అబ్బాయి అక్కడే చేయించుకుని రిపోర్టు పంపాడు, మూడు రేకులే. ఆయన తమ్ముడికి 54, ఆయనకీ రెండు రేకులే, వేగం 3.1. అంటే మధ్యస్థం, ఆపరేషన్ ఇప్పుడేం అక్కర్లేదు. భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి ఆయన ఈ రోజు ఏమేం చేయగలుగుతున్నాడో ఒక పేజీ నిండా రాసుకున్నాను. మూడెకరాల్లో తనే మందు కొడతాడు, చెరువు గట్టు ఆగకుండా ఎక్కుతాడు, కిందటి మార్చిలో అలిపిరి మెట్లు మూడున్నర గంటల్లో ఎక్కాడు. వచ్చే మార్చిలో మళ్ళీ వెళ్ళొచ్చాక ఎకోకి రమ్మన్నాను, ఆవిణ్ణి కూడా తీసుకుని.